పథ్యం చెప్పిన సూది

బల్లపై బోర్లా పడుకొన్న బాలమణి నడుముమీద డాక్టర్ ఫణిభూషణ్ సూదిని నిలిపాడు. అది చర్మాన్ని తాకింది గాని లోపలికి దిగలేదు. మొద్దుగా ఉన్న దాని మొన, తాకినంతనే పిడిలోకి ముడుచుకొన్నది. చుట్టూ అంటించిన పట్టీ దానిని పడిపోకుండ పట్టి ఉంచింది. పైనుంచి చూచేవారికి అది లోతుగా దిగిన సూదివలెనే కనబడుతుంది. పడుకొన్న మనిషికి చిటుక్కుమన్న చిన్న స్పర్శ తప్ప మరేమీ తెలియదు.

“గుచ్చినవా సారూ?”

“పెట్టానమ్మా.”

గుచ్చాను అనలేదు. పరిశోధన మొదలుపెట్టిన నాడే ఆయన ఆ మాటను ఏరి పెట్టుకొన్నాడు. గుచ్చినవారి దగ్గరా చెల్లుతుంది, గుచ్చనివారి దగ్గరా చెల్లుతుంది. అసత్యమాడలేదన్న ఊరట కోసం వెదికి తెచ్చుకొన్న మాట అది. ఊరట మాత్రం రాలేదు. రెండవ సూది పట్టీలో కొంచెం పక్కకు ఒరిగింది. మేడ్చల్ స్టేషనులో సరుకుబండి ఆగిన కుదుపుకు కిటికీ అద్దాలు గలగలలాడగా, ఆ తప్పును బండిమీదికి నెట్టి మూడవ సూదిని అందుకొన్నాడు.

అది రెండువేల అయిదవ సంవత్సరపు ఆషాఢం. స్టేషను రోడ్డు వెనుక ఒక అద్దె ఇంటిలో ఆయన ఆక్యుపంక్చర్ అనే సూదివైద్యం చేయడం మొదలుపెట్టి అప్పటికి పన్నెండేళ్లు. తెనాలి నుంచి వచ్చి, ప్రభుత్వాసుపత్రి ఉద్యోగం విడిచి, నొప్పి మాత్రలు మింగి మింగి కడుపులు పాడుచేసుకొన్నవారికి ఏదైనా దారి చూపాలన్న తపనతో ఈ విద్య నేర్చుకొన్నాడు. మోకాళ్లు పట్టేసినవారు, మెడ తిప్పలేనివారు, నడుము వంచలేనివారు దుండిగల్ నుంచీ శామీర్‌పేట నుంచీ వచ్చేవారు. చాలమంది నెమ్మదించి వెళ్లేవారు. ఆ మంచిపేరు మీదనే సంసారం గడిచింది; కొంపల్లి కాలనీలో ఒక చిన్న ఇల్లు కూడ అమరింది.

సంశయం ఒక పొరపాటుతో పుట్టింది. బౌరంపేట నుంచి వచ్చే ఒక పంతులమ్మకు ఏళ్లతరబడి మోకాలి నొప్పి. ఒకనాడు పరధ్యానంలో ఆయన పక్క గదిలోని తలనొప్పి రోగికి పెట్టవలసిన చోట్ల ఈమెకు సూదులు పెట్టి పంపాడు. మరుసటి వారం ఆమె గోడ పట్టుకోకుండ మెట్లెక్కి వచ్చి, “గీసారి సూదులు మస్తు పనిచేసినయి సార్, గవే పెట్టుండ్రి” అన్నది. ఆమెతో కలిసి నవ్వడానికి ప్రయత్నించాడు. నవ్వు రాలేదు.

అప్పటి నుంచి అది అన్నంలో రాయివలె ప్రతి ముద్దలోనూ తగులుతూ వచ్చింది. తగ్గించినది సూదియా? తన మాటలోని ఆదరమా? అరగంటసేపు కదలకుండ పడుకొన్న విశ్రాంతియా? ఉదయం జపానికి కూర్చొంటే పూసలు కదిలేవి, నామం కదిలేది కాదు. చివరికి ఒకనాడు దేవుడి గదిలో అరచేతిలో నీళ్లు పోసుకొని సంకల్పం చెప్పుకొన్నాడు: ‘అసలు సూదినీ ఉత్త సూదినీ పక్కపక్కన పెట్టి చూస్తాను. ఉత్తది అసలుదానికి ఏమాత్రం తీసిపోలేదని తేలితే, ఇక ఈ జన్మలో సూది ముట్టను.’

ఆయన భార్య బాలాత్రిపురసుందరి వంటగది గడపలో నిలబడి అంతా విన్నది.

“సంకల్పం చెప్పుకొనేముందు నన్నొక్క మాట అడగవలసింది కాదుటండీ? సూది మానేస్తే రేపేం చేస్తారు? మన కాలనీలో అందరిలాగే స్థలాలమ్ముతారా?”

“స్థలాలమ్మేవాడికైనా తాను అమ్మేది ఉందో లేదో తెలుస్తుంది, సుందరీ.”

“అబ్బో, మీకు స్థలాలమ్మేవాళ్ల సంగతి కూడ తెలియదు, పాపం” అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

పరిశోధనకు అరవైమంది నడుము నొప్పి రోగులు ఒప్పుకొన్నారు. సగం మందికి అసలు సూది. సగం మందికి మొన ముడుచుకొనే ఉత్త సూది. ఎవరికేదన్నది నగరంలో లెక్కలు చూచే నిపుణుడొకడు చీటీలు తీసి నిర్ణయించాడు. రోగులకు ఆ సంగతి మొదటనే చెప్పారు. మీకు పడేది ఏదైనా కావచ్చు, చివరిలో చెబుతాము, ఉత్తది పడినవారికి తరువాత అసలుది ఉచితంగా పెడతాము అన్నారు. ఎవరి నొప్పి ఎంత తగ్గిందో అడిగి రాసుకొనే పని సాయిప్రియది. ఫిజియోథెరపీ చదివిన నెమ్మదైన అమ్మాయి. ఎవరికి ఏ సూది పడిందో ఆమెకు తెలియదు. తెలిసినది ఫణిభూషణ్ ఒక్కనికే. చేతిలో సూది ఉన్నవానికి దానిని దాచే ఉపాయం లేదు. అందువల్ల ఆయనకు ఒకే ఒక నియమం విధించారు: అందరితోనూ ఒకేవిధంగా మాట్లాడాలి, అందరికీ ఒకేవిధంగా చేయాలి.

బాలమణికి చీటీలో ఉత్తది వచ్చింది.

ఆమెది శామీర్‌పేట దగ్గర అలియాబాద్. భూములున్న కుటుంబం. కొన్ని ఎకరాలు అప్పటికే ప్లాట్లయ్యాయి. కొడుకు భాస్కర్ ఆ ప్లాట్ల వ్యాపారంలోను, ఊరి రాజకీయాలలోను తిరుగుతుంటాడు. ఇంటి ముందు కారు నిలిచినా, ఇంటి వెనుక బర్రెలు అలాగే ఉన్నాయి. యాభై దాటిన బాలమణి వాటికి గడ్డి మోసి, నీళ్లు తోడి, గొంతుకూర్చొని పాలు పిండి, నాలుగేళ్లుగా నడుము పట్టుకొని నడుస్తున్నది. వద్దని ఇంట్లో ఎవరూ అనలేదు. మానుతానని ఆమె కూడ ఎవరితోనూ అనలేదు.

ఆనాడు సూదులు తీసిన తరువాత ఆమె లేచి కూర్చొని, కొంగు సవరించుకొని, వైద్యుని వైపు తిరిగింది.

“ఇగ పత్తెం జెప్పు సారూ.”

“పథ్యమేమీ లేదమ్మా. అన్నీ తినవచ్చు.”

“అన్నీ అంటె?”

“మీకు ఇష్టమైనవన్నీ.”

బాలమణి ముఖం చిన్నబోయింది. “పత్తెం లేని మందేంది సారూ? మా దిక్కు పసరు పోసేటాయన గూడ నెల దినాలు పులుపు బంద్ వెట్టిచ్చిండు. గింత దూరం రెండు బస్సులెక్కి వస్తె, అన్నీ తినుమంటున్నవ్. నాకు ఉత్తదే వడ్డదా ఏంది?”

ఫణిభూషణ్ ఆమె కళ్లలోకి చూడలేక సూదుల పళ్లెం వైపు చూశాడు. ఏమీ చేయకుండ, ఏదో చేసినట్లు చూపించి, ఇంత నమ్మకంతో వచ్చిన మనిషిని ఉత్తచేతులతో బస్సెక్కించడం మహాపాపమనిపించింది. నొప్పి తగ్గే మాట ఒక్కటైనా ఆమె వెంట పంపాలనిపించింది.

“సరే, వినండి. వంకాయ వద్దు. చింతపండు పులుపు తగ్గించండి. గోంగూర ముట్టవద్దు.”

“పుంటికూర గూడనా?”

“రెండూ ఒకటేనమ్మా. ఇక బరువులు ఎత్తవద్దు. నీళ్ల బిందె, గడ్డిమోపు అసలే వద్దు. గొంతుకూర్చొని పాలు పిండవద్దు. మధ్యాహ్నం ఒక గంట నేలమీద చాప వేసుకొని వెల్లకిలా పడుకోవాలి.”

ఒక్కొక్క మాటకూ ఆమె ఒక్కొక్క వేలు మడిచింది. ముఖం వికసించింది. “గట్ల జెప్పు మరి! గిది మందంటె. మా కోడలు బయట కూసున్నది, దాని ముందల గూడ ఒక్కసారి జెప్పు సారూ. నేను జెప్తె, అత్త కల్పించుకొని జెప్తాంది అనుకుంటది.”

కోడలు భవిత లోపలికి వచ్చి నిలబడింది. ఫణిభూషణ్ మళ్లీ అంతా చెప్పాడు. ఆమె తల ఊపుతూ విన్నది. గడ్డిమోపు దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఊపడం ఆగింది. తరువాత మళ్లీ ఊపింది.

ఆ తరువాత ఉత్త సూది పడినవారు ఎవరు పథ్యం అడిగినా ఆయన చెబుతూ వచ్చాడు. అడగని ఒకరిద్దరికి అడగకుండనే చెప్పాడు. అసలు సూది పడినవారు అడిగినప్పుడు మాత్రం ‘మీకేమీ అవసరం లేదు’ అన్నాడు; వారి సంగతి సూదియే చూచుకొంటుందన్న ధీమా. ఎవరికి చెబుతున్నాడో, ఎవరికి చెప్పడం లేదో ఆయన ఏనాడూ తన మనస్సులో వరుసపెట్టి చూచుకోలేదు. దానిని దయ అనుకొన్నాడు. దయకు వరుస ఏమిటి?

అసలు సూది పడినవారిలో ఇస్తారి అనే లారీ డ్రైవరు ఒకడున్నాడు. మేడ్చల్ వాడే.

“నాకు పత్తెం లేదా సార్?”

“లేదు.”

“కల్లు గూడ తాగొచ్చా?”

“మానితే మంచిదే గాని, ఈ వైద్యానికీ దానికీ సంబంధం లేదు.”

ఇస్తారి బల్ల దిగి, అంగీ గుండీలు పెట్టుకొంటూ, ఎంతసేపటికీ కదలక నిలుచున్నాడు. “కల్లు తాగినా పనిచేసే మందు నా జిందగీల సూడలే సార్” అని గొణుగుకొంటూ వెళ్లిపోయాడు.

శ్రావణ భాద్రపదాలు గడిచాయి. బాలమణి వచ్చే తీరు మారింది. మొదట కోడలి భుజం పట్టుకొని వచ్చేది. తరువాత భుజం వదిలింది. ఆశ్వయుజం నాటికి కోడలిని ఇంట్లో విడిచి ఒక్కతే వచ్చి, ఆవరణలో కూర్చొన్న రోగులందరికీ తన నడుము గొప్ప చెప్పడం మొదలుపెట్టింది. “సూదంటె గీ సారుదే సూది. నాకైతె సగం నొప్పి వోయింది. నిన్న మా తమ్ముని పెండ్లిరోజుకు పీటమీద కూసొని భోజనం జేసిన!”

ఆ మాటలు వింటూ ఫణిభూషణ్ లోపల కుతకుత ఉడికేవాడు. సగం నొప్పి ఎక్కడికి పోయింది? ఏ సూదికి పోయింది? ఆమె నడుములోనికి ఒక్క మొన అయినా దిగలేదే! ఇంకొక బల్లమీద ఇస్తారి, నిజంగా సూదులు దిగిన ఇస్తారి, కొంచెం తగ్గినట్టే ఉన్నదని నసుగుతున్నాడు. ఆయనకు పన్నెండేళ్లూ కళ్లముందు తిరిగేవి. పూజలో పువ్వు పెట్టబోయి అక్షతలు పెట్టేవాడు. భోజనం దగ్గర లేచి నడిచేవాడు.

“కూర్చుంటారా, విస్తరి కూడ మీ వెంట తిప్పమంటారా?” అన్నది సుందరి.

“బాలమణికి తగ్గిపోతోంది.”

“తగ్గితే మంచిదేగా! వైద్యుడు రోగికి తగ్గిందని ఏడవడం ఎక్కడైనా ఉందా?”

బాలమణికి తగ్గిన ప్రతి పిసరూ తన చేతిలోంచి సూదిని లాగివేస్తున్నదని ఎలా చెప్పడం?

పరిశోధన ముగిసి, లెక్కలు నగరానికి వెళ్లి, మార్గశిరంలో తిరిగి వచ్చాయి. సాయిప్రియ ఆ కాగితాలు పట్టుకొని సాయంకాలం రోగులందరూ వెళ్లిన తరువాత వచ్చింది. కూర్చొమ్మంటే కూర్చొనలేదు.

“చెప్పు తల్లీ.”

“రెండు గుంపులూ ఒకటే సర్. తేడా లేదు. ఇంకా చెప్పాలంటే, ఉత్త సూది వాళ్లకే ఒక పిసరు ఎక్కువ తగ్గింది.”

ఫణిభూషణ్ నెమ్మదిగా లేచి, బల్లమీది సూదుల పెట్టెలను ఒకదానిమీద ఒకటి పేర్చాడు. “రేపు వచ్చేవాళ్లకు ఫోను చేసి రావద్దని చెప్పు. ఆ పంతులమ్మకు కూడ.”

“ఆగండి సర్, తొందరపడకండి. ఇంకొక సంగతి ఉంది. అదే నాకు అర్థం కావడం లేదు.” ఆమె మరొక కాగితం తీసింది. “చివరి రోజున ఒక్కొక్కరినీ అడిగాను కదా, మీకు ఏ సూది పడిందనుకొంటున్నారు అని. ఊహించి చెబితే ఇటు సగం, అటు సగం రావాలి. రాలేదు. ఉత్తది పడినవాళ్లలో ఇంచుమించు అందరూ మాకు అసలుదే పడిందన్నారు. అసలుది పడినవాళ్లలో ఎక్కువమంది మాకు ఉత్తదే అన్నారు. పూర్తిగా తలకిందులు!”

“ఎందుకలా అనుకొన్నారో అడగలేదా?”

“అడిగాను సర్. ఆ లారీ డ్రైవరు ఇస్తారి ఏమన్నాడో తెలుసా? ‘నాకు పత్తెమే జెప్పలే మేడమ్. కల్లు గూడ తాగొచ్చన్నడు. గసొంటిది అసలు మందెట్లయితది? పక్క బల్ల మీదామెకు వంకాయ బంద్, పుంటికూర బంద్. అసలుది ఆమెకే వడ్డది’ అన్నాడు.” సాయిప్రియ నవ్వబోయి, ఆయన ముఖం చూచి ఆపుకొన్నది. “సర్... మీరు కొందరికి పథ్యం చెప్పారా?”

పెట్టెలమీద ఆయన చెయ్యి అలాగే నిలిచిపోయింది.

వరుస ఇప్పుడు కనబడింది. ముఖాలు ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి. వంకాయ మానినవారు, బిందె దించినవారు, మధ్యాహ్నం చాపమీద నడుము వాల్చినవారు. అందరూ ఒక గుంపువారే. ఎవరికి తాను ఏమీ చేయడం లేదనుకొన్నాడో, వారికే అంతా చేశాడు. నమ్మకమూ విశ్రాంతీ మూటకట్టి వారి చేతికిచ్చాడు. ఎవరికి చేస్తున్నాననుకొన్నాడో, వారిని ఉత్త సూదితో పంపినట్లు పంపాడు. ఏ సూదిని పరీక్షించాడు? దేనిని దేనితో తూచాడు?

మొట్టమొదట లోపల పొంగినది సంతోషం. ఈ పరీక్ష చెల్లదు. చెల్లని పరీక్షకు సంకల్పం కట్టుబడదు. సూది తన చేతిలోనే ఉంటుంది! ఆ సంతోషాన్ని చూచి ఆయనకే భయం వేసింది. తప్పు చేసినందుకు ఊపిరి పీల్చుకొంటున్న మనస్సు మరి రేపు ఏ తప్పుకు ఒప్పుకోదు?

“రాయి సాయిప్రియా. నేను చేసినది చేసినట్లే రాయి.”

“రాస్తే ఈ పరిశోధన దేనికీ కొరగాదు సర్. సూది మేలనీ చెప్పలేము, కాదనీ చెప్పలేము. ఇంత కష్టమూ...”

“తెలుసు. మళ్లీ మొదలుపెడదాం. ఈసారి పథ్యం అందరికీ చెబుదాం, లేదా ఎవరికీ వద్దు.” మాట పూర్తికాకముందే సంచి అందుకొన్నాడు. “ముందు ఉత్తది పడినవాళ్లకు నిజం చెప్పాలి. రేపు అలియాబాద్ వెళతాను.”

మరునాడు ఉదయం శామీర్‌పేట దాటి ఊరివైపు తిరిగేసరికి జవహర్‌నగర్ చెత్తకుప్పల మీదుగా వచ్చిన గాలి కారులో నిండింది. అద్దాలు ఎక్కించాడు. రింగు రోడ్డుకు కొలతలు వేసి పాతిన తెల్లరాళ్లు పొలాల మధ్య నిలబడి ఉన్నాయి. చెప్పవలసిన మొదటి వాక్యాన్ని దారిపొడుగునా కూర్చుకొని, చెరిపి, మళ్లీ కూర్చుకొన్నాడు.

భాస్కర్ అరుగుమీద అటూ ఇటూ తిరుగుతూ ఫోనులో మాట్లాడుతున్నాడు. “ఈశాన్యం బిట్టేనన్నా, నీకోసమే ఆపిన. నీళ్లకేం పరేషాన్ లేదు...” వైద్యుని చూచి ఫోను చెవికి దూరంగా పట్టి నమస్కరించాడు. “రండ్రి సార్, కూసోండ్రి. అమ్మా, నీ సూదుల సారొచ్చిండే!”

బాలమణి చాపమీద నుంచి లేచి చకచక నడిచివచ్చింది. ఆ నడకను చూస్తే ఎవరికైనా ముచ్చట వేస్తుంది. ఫణిభూషణ్‌కు మాత్రం వేయలేదు. మజ్జిగ తెచ్చి చేతికిచ్చింది. తాగకుండనే చెప్పాడు. చీటీ సంగతి, మొన ముడుచుకొనే సూది సంగతి, పథ్యం సంగతి, తాను తప్పిన నియమం సంగతి, ఏదీ దాచలేదు.

బాలమణి మొదట నవ్వింది. తరువాత నవ్వు ఆగింది.

“అంటె నాకు ఒక్క సూది గూడ దిగలేదా?”

“లేదమ్మా.”

“గన్ని దినాలు?”

“ఒక్కటి కూడ దిగలేదు.”

“మరి నా నొప్పి యాడికి వోయింది సారూ?”

భాస్కర్ ఫోను జేబులో వేసుకొన్నాడు. “మంచిగున్నది సార్ కథ! ఉత్త సూదులకు మా అమ్మ గిన్ని నెలలు వంకాయ తినక, పనిజెయ్యక చాపమీద పండుకున్నదా? అంటె గా పత్తెం గూడ ఉత్తదేనా?”

బాలమణి కొడుకు వైపు చూడలేదు. వైద్యునివైపే చూచింది. గొంతు తగ్గించి, “ఉత్తదని మాత్రం అనకు సారూ” అన్నది. “నా పెండ్లయినకాడికెల్లి పగటిపూట నడుం వాల్చింది గీ అయిదు నెలలే. పనికి బద్దకమైందని ఒక్కలు గూడ అనలే. నువ్వు జెప్పినవని ఊకున్నరు. ఇయ్యాల నువ్వే ఉత్తదంటె రేపు పొద్దుగాల బిందె నా నెత్తినే ఉంటది.”

అంతలో పెరటి తలుపు తీసుకొని భవిత వచ్చింది. నెత్తిన గడ్డిమోపు. దానిని కొట్టం దగ్గర పడవేసి, వెంటనే నిటారు కాలేకపోయింది. కుడిచెయ్యి నడుమున ఆనించుకొని, కళ్లు మూసుకొని, కొంచెం కొంచెంగా పైకి లేచింది. బాలమణి నాలుగేళ్లు అలాగే లేచేది.

బాలమణి కూడ అది చూచింది. నొప్పి ఎక్కడికి పోయిందన్న తన ప్రశ్నకు జవాబు ఎదురుగా నిలబడి ఉన్నది. “ఎప్పటిసంది బిడ్డా?” అన్నది.

“బతుకమ్మలప్పటిసంది అత్తమ్మా.”

“చెప్పవైతివి?”

“ఏమని చెప్పాలె? మీకు పత్తెమాయె.” కోపంగా అనలేదు. గాజులు వెనక్కి నెట్టుకొని కుడితి తొట్టివైపు నడవబోయింది.

“ఆగమ్మా” అన్నాడు ఫణిభూషణ్. భాస్కర్ వైపు తిరిగాడు. “మీరు అడిగినదానికి జవాబు చెబుతాను. వంకాయ, పుంటికూర నేను నోటికి వచ్చినట్లు చెప్పినవి. వాటికీ నడుముకూ సంబంధం లేదు. ఇవాళే వండుకోండి. బరువు ఎత్తవద్దన్నది మాత్రం ఉత్తమాట కాదు. ఆ పథ్యం మీ అమ్మగారికి ఉంది, ఈమెకూ ఉంది. లేనిది ఈ ఇంట్లో మీకొక్కరికే.”

భాస్కర్ జేబులో ఫోను మోగింది. తీయబోయాడు.

“ఆ ఫోన్ల ఈశాన్యం బిట్టు యాడికి పోదు గని, గా కుడితి పెట్టి రాపో” అన్నది బాలమణి. “సర్పంచ్ ఎలక్షన్లల్ల ఊరందరి గడ్డివాములు మోస్త అంటివి గద! ముందుగాల ఇంట్ల మోపు మోయి.”

“అమ్మా, తెల్లంగీ ఏసుకున్ననే...”

“ఇప్పెయ్యి.”

అతడు ఏదో గొణుక్కొంటూ అంగీ చేతులు పైకి మడుచుకొని కొట్టం వైపు వెళ్లాడు. బాలమణి భవిత భుజం పట్టుకొని తెచ్చి అరుగుమీది మంచంమీద కూర్చోబెట్టింది.

“సారూ, నాకు పెడతనన్న అసలు సూది బాకీ ఉన్నది గద. అది దీనికి పెట్టు.”

ఆయన చెయ్యి సంచిమీదికి వెళ్లి ఆగింది. సూదులున్నాయి, ఎక్కడికి వెళ్లినా ఉంటాయి. పన్నెండేళ్లుగా ఇటువంటి నడుము కనబడితే చెయ్యి తానే కదిలేది. ఈ రోజు కదలలేదు. సంకల్పం తీరలేదు, తెగలేదు.

“అమ్మా భవితా, ముందు ఒక మాట వినాలి. ఈ సూది పనిచేస్తుందో లేదో నాకు తెలియదు. ఇన్నాళ్లూ తెలుసనుకొన్నాను. తెలుసుకోవాలని మొదలుపెట్టి నా చేతితోనే చెడగొట్టుకొన్నాను. నీకు తగ్గితే అది సూదివల్లనో, మోపు దించినందువల్లనో, మీ అత్తగారు పక్కన కూర్చొన్నందువల్లనో నేను చెప్పలేను. తగ్గకపోవచ్చు కూడ. వద్దంటే నేను ఏమీ అనుకోను.”

ఏ రోగితోనూ ఇంతకు ముందు ఆ మాట అనలేదు. అన్న తరువాత తేలికపడతాననుకొన్నాడు. తేలికపడలేదు.

భవిత ఆయనను వింతగా చూచింది. “ఎప్పటికి తెలుస్తది సార్, పనిజేస్తదో లేదో?”

“మళ్లీ అంతా మొదటినుంచి చేయాలి. మరో రెండేళ్లు పట్టవచ్చు.”

“గప్పటిదాంక నేను గిట్లనే కూసోవాల్నా?” అని ఆమె మంచంమీద బోర్లా తిరిగింది. “తెల్వకపోతె తెల్వకపాయె. పెట్టుండ్రి సార్. నాకైతె రేపు పొద్దుగాల మోపు లేకుంట లేస్తె తెలుస్తది.”

ఆమెకు రేపు తెలిసేది తనకు చాలదని ఆయనకు తెలుసు. తనకు తెలియవలసినది ఆమెకు అక్కరలేదనీ తెలుసు. ఆ రెంటి మధ్య ఇక ముందు ప్రతి బల్ల దగ్గరా, ప్రతి రోగి దగ్గరా ఇదే విధంగా నిలబడవలసి ఉంటుంది. మళ్లీ పరీక్ష ముగిసేవరకు ఈ మాట ముందు చెప్పి, తరువాతనే సూది తీయాలి. ఎంతమంది లేచి వెళ్లిపోతారో! సుందరి ఏమంటుందో!

దూదితో నడుము తుడిచి సూదిని నిలిపి మెల్లగా దించాడు. మొన చర్మం దాటి లోపలికి వెళ్లింది. భవిత ఊపిరి బిగబట్టి వదిలింది. బాలమణి తొంగిచూచి, “గిట్లుంటదా అసలుది!” అన్నది ఆశ్చర్యంగా.

సూదులన్నీ పెట్టిన తరువాత అరగంట ఆగాలి. బాలమణి కుర్చీ జరిపి కూర్చొమ్మన్నది. ఫణిభూషణ్ కూర్చొనలేదు. కొట్టంలోంచి భాస్కర్ కేక వినబడింది. ఏదో బర్రె తోకతో కొట్టినట్లున్నది. గాలి మళ్లీ జవహర్‌నగర్ వైపు నుంచి తిరిగింది. ఆయన అరుగు ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూ, ఆ నడుముమీద నిలిచిన సూదుల వైపు మాటిమాటికీ చూస్తూ ఉండిపోయాడు.